బావ వరస

...అయినా 'ఆయన' అంటే ఎవరు?

నరసింగరావు మగ్గం మీద పోగు మోసే నాడెను కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో అందుకున్నాడు. పోగు బిగిసేలా అచ్చు లాగి కొట్టాడు. మళ్లీ ఎడమ నుంచి కుడికి. పంచె ఆఖరి మూరలో ఉంది. ఇంతకుముందు చేతులకి పని దొరికితే మనసు కూడా వాటి వెనకే పోయేది. ఈ మధ్య చేతులు ఒక దారి, మనసు ఒక దారి. పొద్దున్న విన్న ఒక్క మాట దగ్గర అది నిలబడిపోయి ఉంది.

భార్య ఈశ్వరి ఫోనులో తన చెల్లెలు అరుణశ్రీతో అంది. "ఆయనకి కోపం ఎక్కడిదే? ఎన్నిసార్లు పిలిసినా ఇసుక్కోడు. ఏటి సెప్పినా ఇంటాడు."

వినగానే అతనికి నవ్వొచ్చింది. పెళ్లయిన ఆడది ఆయన అంటే ఈ వీధిలో ఎవరూ ఏ ఆయన అని అడగరు. నవ్వు పెదాల దాకా వచ్చాక గానీ తెలియలేదు, ఆ ఆయన తను కాదని. తను విసుక్కుంటాడు. ఆ సంగతి ఆమదాలవలసలో కాపురం ఉంటున్న అరుణశ్రీకి కూడా తెలుసు. తెలిసీ ఆమె అటునుంచి ఏ ఆయన అని అడిగినట్టు లేదు. అంటే రెండో ఆయన ఒకడున్నాడని ఆమెకి ముందే తెలుసన్నమాట. పొందూరు నుంచి ఆమదాలవలస దాకా తెలిసిన సంగతి ఈ ఇంట్లో ఉన్న తనకే ఆలస్యంగా తెలిసింది.

మగ్గం గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నవాడికి ఇల్లు నేలమట్టం నుంచి కనిపిస్తుంది. మొహాలు కనిపించవు. పాదాలు, చీర కుచ్చిళ్లు, పీటల కాళ్లు కనిపిస్తాయి. గుమ్మం అవతల వసారాలో ఈశ్వరి రాట్నం. దాని పక్కన చిన్న పీట. పీట మీద మడతపెట్టిన తెల్లగుడ్డ, గుడ్డ మీద అరచేతిలో పట్టేంత ఇత్తడి తాబేలు. శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి దగ్గర కొన్నది. దేవుడి గూట్లో ఉండవలసినదాన్ని ఏడు నెలల కిందట ఆమె తెచ్చి రాట్నం పక్కన పెట్టుకుంది. ఎందుకని అడిగితే, గూట్లో ఆయనకి ఊసుపోదండి అంది. గుంటలో కూర్చుంటే అతని కళ్లు సరిగ్గా ఆ తాబేలు ఎత్తుకి వస్తాయి. రోజంతా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు.

తాబేలు మీద అసూయపడే మగవాడు లోకంలో ఉంటాడా అని తనను తాను అడిగి చూసుకున్నాడు. మనిషి మీదైతే ఏం చెయ్యాలో తెలుస్తుంది. వెంట వెళ్లొచ్చు, నిలదీయొచ్చు, నలుగురిని పిలిచి కూర్చోబెట్టొచ్చు. పెళ్లాం దేవుణ్ణి ప్రేమిస్తోందని ఏ పెద్దమనిషి ముందు చెప్పుకుంటాడు? మంచిదే కదా నాయనా అంటారు. పోనీ ఆమె ఉపవాసాలని, భజనలని ఇల్లు పట్టకుండా తిరుగుతోందా అంటే అదీ లేదు. గుడికి ఏడాదికి రెండుసార్లు వెళ్తుందేమో. పత్తి దువ్వుతూ, ఏకులు చుడుతూ, వంకాయలు తరుగుతూ ఆ ఇత్తడి ముక్కతో మాట్లాడుతుంది, అంతే. ఆ మాటలు మగ్గం చప్పుడులో అతనికి వినపడవు. వినాలని నాడె ఆపితే మాటా ఆగిపోతుంది. మాట వినపడనందుకు కాదు, తను చెవి పెట్టగానే అది ఆగిపోతున్నందుకు అతనికి లోపల కాలుతుంది.

పక్కింటి గున్నమ్మ తన పత్తి బుట్టతో వచ్చి వసారాలో కూర్చుంది. ఆమె మోకాళ్లు, బుట్ట అడుగు కనిపించాయి. ఈశ్వరి అప్పటికే వాలుగ చేప దవడ పట్టుకుని పత్తి దువ్వుతోంది. పొందూరు సన్న నూలు కథంతా ఆ దవడతోనే మొదలు. ముల్లులాంటి చిన్న పళ్లు వరసగా ఉంటాయి. గింజకి అంటుకున్న దూదిని వాటితో మెల్లగా దువ్వితే చెత్త కిందికి రాలుతుంది, పోగులన్నీ ఒకే వైపుకి తలదువ్వుకున్నట్టు పడుకుంటాయి. ఇనుప దువ్వెన ఏదీ ఆ పని చెయ్యలేదు.

కొన్నాళ్లుగా ఆ పత్తి ఎవరికోసం దువ్వుతోందో గున్నమ్మకి తెలుసు. ముసలావిడ ఊరుకోలేదు.

"సేప పళ్లతో దువ్విన పత్తి దేవుడికి కడతావేటే? నీసు కాదేటి?"

"ఆయన ముందు సేపగానే పుట్టినాడు గదా పిన్నీ. తర్వాతే తాబేలు. పాత ఒళ్లంటే ఆయనకి రోతేటి?"

గున్నమ్మ బుట్ట కదిలిపోయేలా నవ్వింది. నవ్వి, ఇంతకీ ఏం మొక్కుకున్నావని అడిగింది. ఏమీ లేదంది ఈశ్వరి. ఏమీ లేకుండా గుడ్డెందుకని ముసలావిడ వదల్లేదు.

"మనోడికి గుడ్డెట్టడానికి మొక్కుండాలేటి?"

మగ్గం మీద పేక పోగు టప్పున తెగింది. మనోడు. నరసింగరావు తెగిన కొస వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి అతికాడు. ఆ అతుకు ఎప్పటికంటే లావుగా వచ్చింది.

మధ్యాహ్నం పంచె పూర్తయి మగ్గం దిగింది. ఈశ్వరి వచ్చి మగ్గం గుంట అంచుకి రెండడుగుల దూరంలో నిలబడింది. చేతుల్లో నాలుగు చిలపలు, తను వడికి కట్టలుగా చుట్టిన నూలు. "ఏవండి, పడుగు ఇంకా మిగిలే ఉంది కదండి. కూర్మనాథుడికి రెండున్నర మూరల గుడ్డ నేసి పెడతారా? శనివారం ఎల్దామనుకుంటన్నాను. మీకు ఈలయితేనే."

మీకు ఈలయితేనే. ఆఫీసులో అర్జీ పెట్టుకున్నట్టు అడుగుతుంది. కాదంటే మారుమాట లేకుండా వెళ్లిపోతుందని తెలుసు. వెళ్లి ఆ తాబేలుకి చెప్పుకుంటుందనీ తెలుసు. అక్కడ తన మీద ఏం చెప్పుకుంటుందోనన్న భయంతోనే అతను చిలపలు అందుకున్నాడు.

బుధవారం పొద్దున్న, గాలిలో ఇంకా తేమ ఉండగానే కూర్చున్నాడు. రాత్రి ఆమె కండెలు చుట్టి వరసగా పెట్టింది. మొదటి కండెని నాడెలో వేస్తూ, ఇది ఎంత బాగుంటుందో చూద్దాం అనుకున్నాడు. చూద్దాం అనుకున్నప్పుడే అతనికి తన గొంతులో పుల్లదనం తెలిసింది.

ఇరవైరెండేళ్లుగా ఆమె వడికిందే అతను నేస్తున్నాడు. ఒకప్పుడు ఆ నూలుని ఉత్తరంలా చదివేవాడు. కోపం వచ్చిన పూట పోగు పురి బిగిసి మెలితిరిగేది. ఏడ్చిన రోజు పలుచనయ్యేది. నవ్వినచోట చెయ్యి వదులై చిన్న ఉబ్బు వచ్చేది. నిన్న సాయంత్రం ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు అని అడగకుండానే చెప్పేవాడు. దొంగ సచ్చినోడా, నా నూలు మీద నిఘా పెట్టినావేటి అని ఆమె వీపు మీద కొట్టేది. ఈ రెండేళ్లలో నూలు మారింది. సమంగా, సన్నగా, గీత గీసినట్టు వస్తోంది. ఖాదీ సంస్థవాళ్లు వేలితో నిమిరి చూసి మెచ్చుకుంటున్నారు. మొదట్లో అతనికీ గర్వంగానే ఉండేది. తర్వాత్తర్వాత ఆ నూలు నేస్తుంటే ఎవరో మొహం తెలియని మనిషి వడికినట్టు ఉండేది.

దేవుడి నూలు అంతకంటే సమంగా ఉంటుందనుకున్నాడు. పది పోగులు పడ్డాయో లేదో, వేళ్లు ఆగాయి.

సమంగా లేదు.

ఒకచోట వెంట్రుకలా సాగింది. ఒక జానెడు దూరం పోయాక చిన్న ఉబ్బు. మళ్లీ మెలిక. ముందు అతనికి సంతోషం వేసింది. దేవుడి పనికి ఇంత పరాకా? నాకిచ్చిన నూలే నయం. ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు. ఇంకో ఉబ్బు వేలికి తగిలింది. అది పొరపాటున వచ్చిన ఉబ్బు కాదు. చెయ్యి వదులయ్యేలా నవ్వినప్పుడు వచ్చేది. వేళ్లు దాన్ని గుర్తుపట్టాయి, పాత ఇంటి గుమ్మాన్ని చీకట్లో కాలు గుర్తుపట్టినట్టు. ఇది ఈశ్వరి నూలు. రెండేళ్లుగా ఇంట్లో కనపడని మనిషి ఇక్కడ, ఈ నాలుగు చిలపల్లో కూర్చుని ఉంది.

కండె ఖాళీ అయింది. అతను నాడె ఆపాడు. గున్నమ్మ ఇంట్లో మిక్సీ నడుస్తోంది. ఆ మోతలో మగ్గం ఆగిన సంగతి ఈశ్వరికి తెలియలేదు. మిక్సీ హఠాత్తుగా ఆగింది. మాట మధ్యలో దొరికిపోయింది.

"...నీకేటి తెలుస్తాది బావా, డొప్పలో కూకున్నావు. సేప దవడ పళ్లు అరిగిపోనాయని నాలుగు దినాల నుంచి మొత్తుకుంటన్నాను. నీ సుట్టమే గదా, ఓ మాట సెప్పలేవేటి? ఊరందరికీ దేవుడివి, నాకు మట్టుకు పనికిరాని బావవి."

ఆ తర్వాత ఆమె నవ్వింది. గొంతు లోపలి నుంచి, కాస్త బొంగురుగా.

నరసింగరావు కొత్త కండె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బావా.

ఆ మాట తనది. ఆమె మేనమామ కూతురు. గౌను వేసుకున్న రోజుల నుంచి ఆ మాట తన వెంటపడి తిరిగింది. రెండేళ్ల కిందట మగ్గం ఫొటోలు తీసుకోవడానికి పట్నం నుంచి కొందరు వచ్చారు. అతను వాళ్లకి వడుకు గురించి, నేత గురించి చెపుతున్నాడు. ఈశ్వరి గుమ్మంలో నుంచి, "గొప్పలు తర్వాత సెప్పుకో బావా, ముందు పోగు తెగింది సూడు" అంది. వచ్చినవాళ్లు పడిపడి నవ్వారు. వాళ్లు కారెక్కి వెళ్లేదాకా ఆగి అతను అన్నాడు. సంతలో కేకేసినట్టు బావా బావా ఏటి, ఎదిగిన ఆడపిల్ల ఉన్నాది మనకి, మర్యాదగా మాటాడటం నేర్చుకో. ఆమె చేతిలో ఏకు ఉంది. దాన్ని ఒకసారి చూసుకుంది. సరే అంది. మర్నాడు పొద్దున్న కాఫీ పెట్టి, తాగండి అంది. అతనికి బాగానే ఉంది. ఎచ్చెర్లలో చదువుతున్న కూతురు చరిత సెలవులకి వచ్చి, అమ్మ నీతో కొత్తగా మాట్లాడుతోందేంటి నాన్నా అంటే కూడా, పెద్దరికం వచ్చింది అని నవ్వాడు.

ఆ మాట అలిగి ఎటో పోయిందనుకున్నాడు. పోలేదు. వసారాలో, మూడు గజాల దూరంలో, పీటేసుకుని కూర్చుంది.

అతని బుర్ర వద్దన్నా వరస కట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఇద్దరు రైల్లో పక్కపక్కన కూర్చున్నా ముందు వరస కలుపుకుంటారు. ఈశ్వరికి తను బావ. ఈశ్వరికి అదీ బావ. అలాంటప్పుడు అది తనకేమవుతుంది? అన్నవ్వాలి, లేకపోతే తమ్ముడవ్వాలి. లోకం పుట్టకముందు నుంచీ ఉన్నవాడు కాబట్టి అన్నే. అన్నదమ్ములైతే మాత్రం? అన్నదమ్ములకే కదా వాటాల దగ్గర తలలు పగిలేది. ఉన్నదంతా ఆక్రమించుకున్న అన్న. అరచేతిలో పట్టేంత ఉండి, ఇల్లంతా ఆక్రమించాడు.

కండె వేసి నాడె విసిరాడు. అచ్చు లాగాడు గానీ కొట్టలేదు. ఊరికే ఆనించి వదిలేశాడు. మళ్లీ నాడె. మళ్లీ ఆనించి వదిలేశాడు. పోగుకీ పోగుకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది. తను ఏం చేస్తున్నాడో తెలుసు. ముప్ఫయ్యేళ్లుగా నేస్తున్న చెయ్యి అలా వదలదు. అలా నేస్తుంటే భుజం నొప్పి పుట్టింది కూడా, అబద్ధం రాస్తున్న చెయ్యిలాగ. బెత్తెడు నేశాక గానీ ఆగలేకపోయాడు. ఆ తర్వాత ఎప్పట్లా బిగించి నేశాడు. బెత్తెడు పలుచన మధ్యలో ఉండిపోయింది, పన్ను ఊడిన జాగాలాగ.

గురువారం మధ్యాహ్నం ఆమె భోజనానికి పిలవడానికి వచ్చి గుడ్డ చూసింది. అంచు మీదుగా చూపుడువేలు జరుపుతూ పోయింది. వేలు బెత్తెడు దగ్గర ఆగింది. ఒకసారి వెనక్కి వచ్చి, మళ్లీ ఆగింది. అతను గుంటలో నుంచి ఆ వేలినే చూస్తున్నాడు. తిడుతుంది అనుకున్నాడు. తిట్టాలి. ఏటి బావా ఈ పని, సెయ్యి పడిపోనాదా అని వీధి వినేలా అరవాలి. చాలా రోజుల తర్వాత దేనికో ఎదురుచూస్తున్నాడు.

వేలు మెల్లగా లేచింది.

"బాగుందండి," అంది ఈశ్వరి. "లెగండి, అన్నం సల్లారిపోతాది."

పీట వేసి ఉంది. చెంబు కుడివైపు ఉంది. అన్నం, ఆనపకాయ పులుసు, వేయించిన ఎండుమిరప, ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆమె వడ్డించి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. అతను ముద్ద కలుపుతూ ఆ రెండడుగుల దూరాన్ని చూశాడు. ఈ నిలబడటం ఎక్కడో చూశాడు. గుళ్లో నైవేద్యం పెట్టి తెర వేసి ఇలాగే వెనక్కి జరుగుతారు. తిన్నావా అని అడగరు, ఉప్పు సరిపోయిందా అని అడగరు. లోపలున్నది రాయి అయినా రప్ప అయినా మర్యాద మర్యాదే.

ముద్ద నోట్లోకి పోలేదు. ఏడు నెలలుగా తను లెక్క తప్పు కట్టాడు. దేవుడు ఇంట్లోకొచ్చి తన జాగాలో కూర్చున్నాడనుకున్నాడు. తను ఎక్కడ కూర్చున్నాడో చూసుకోలేదు. మర్యాద కావాలని అడిగింది తనే. ఆమె అడిగినంతా ఇచ్చింది, తీసుకెళ్లి గర్భగుడిలో కూర్చోబెట్టింది. గుళ్లో తను ఉన్నాడు. ఇంట్లో తాబేలు ఉంది.

"ఉప్పు సరిపోలేదాండి?"

"సరిపోనాది."

భోజనమయ్యాక చాప మీద వాలి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదు. రాట్నం తిరగడం మొదలైంది. కాసేపటికి ఆమె గొంతు, చాలా నెమ్మదిగా, రాట్నం చప్పుడు కింద నుంచి వచ్చింది.

"బావా, గుడ్డలో బెత్తెడు జాగా పలసగా ఉన్నాది. నువ్వు సూడనట్టు ఊరుకో. ఆయన సెయ్యి అలగ పడదు. నాకు తెలవదేటి, ఇరవైరెండేళ్ల నుంచి సూస్తన్నాను. మనసులో ఏటో ఉన్నాది ఆయనకి. నాకు సెప్పడు. నానడగను, అడిగితే మర్యాద తప్పిపోద్ది. నువ్వడుగు."

రాట్నం ఆగింది. తెగిన పోగు అతుక్కుంటోంది కాబోలు. మళ్లీ తిరిగింది.

"అడగడానికి నీకేటి సిగ్గు? రోజంతా ఎదురుగా కూకుని ఒకర్నొకరు సూసుకుంటారు గదా."

నరసింగరావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన. ఈసారి ఆ మాట ఎవరిదో ఎవరినీ అడగక్కర్లేదు. ఇన్నాళ్లూ దేవుడి దగ్గర ఆమె తన మీద నేరాలు చెప్పుకుంటోందనుకున్నాడు. తన తప్పుని ఆమె అక్కడ చీర కొంగు కప్పి దాస్తోంది. తను లేనిచోట తనకోసం ఇంకొకడితో గొడవపడుతోంది. ఆ ఇంకొకడు వింటున్నాడు. విసుక్కోకుండా.

కడుపులో మంట పోలేదు. పోతుందని అతను అనుకోలేదు కూడా. కాకపోతే, అది ఇప్పుడు తాబేలు వైపు మండటం లేదు. ఎటు మండాలో తెలియక ఊరికే మండుతోంది.

శుక్రవారం తెల్లారగానే మగ్గం దగ్గర కూర్చున్నాడు. కాలి చెక్క తొక్కి పడుగు తెరిచాడు. నాడె విసరలేదు. నేసిన ఆఖరి పోగు కొస పట్టుకుని బయటికి లాగాడు. చెక్క మార్చి తొక్కి, దాని ముందు పోగు లాగాడు. నేత కంటే విప్పడం కష్టం. నేసేటప్పుడు చెయ్యి ముందు చూస్తుంది. విప్పేటప్పుడు ప్రతి పోగు దగ్గరా, ఇది వేసినప్పుడు నీ మనసులో ఏముందని అడిగించుకోవాలి. బిగించి నేసిన జానెడూ విప్పాడు. తర్వాత బెత్తెడు. అది ఏ కష్టమూ లేకుండా ఊడి వచ్చేసింది. విప్పిన నూలు అతని ఒళ్లో పిట్టగూడులా పోగుపడింది. నవ్విన ఉబ్బులు, కోపం మెలికలు అన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. దాన్ని మళ్లీ చిక్కుతీసి కండెకి చుట్టాలి. ఒక్కడి వల్ల కాదు. ఒకరు కొస పట్టుకోవాలి, ఒకరు రాట్నం తిప్పాలి.

మగ్గం చప్పుడు లేకపోవడంతో వసారాలో మాట కూడా లేదు.

అతను నూలు రెండు చేతుల్లో పట్టుకుని గుంటలోంచి లేచాడు. గుమ్మం దాటి వసారాలోకి వెళ్లాడు. ఈశ్వరి తలెత్తి ముందు నూలు చూసింది, తర్వాత అతని మొహం చూసింది. చేప దవడ ఆమె చేతిలో గాలిలోనే ఆగింది.

"అదేటండి?"

"నానే పాడుసేసినాను. కావాలనే."

ఆమె ఎందుకని అడగలేదు. అడగకుండా ఉండటానికి ఆమె పెదవులు బిగించుకోవడం చూశాడు. నిలబడి చూస్తే ఇల్లు వేరేగా ఉంది. తాబేలు చాలా చిన్నది. దాని వీపు మీద పత్తి నలుసు ఒకటి అంటుకుని ఉంది. రాట్నానికీ గోడకీ మధ్య ఒక మనిషి ఇరుక్కుని కూర్చోగల జాగా ఉంది, ఆ పీట లేకపోతే.

"కొస ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు అతను.

ఈశ్వరి చుట్టూ చూసింది. "మీరిక్కడ ఎలగ కూకుంటారండి? ఆయన ఉన్నాడు కదా."

"కనిపిస్తన్నాడు."

నరసింగరావు వంగి, నూలు భుజం మీద వేసుకున్నాడు. తాబేలు వీపు మీది నలుసుని గోటితో తీశాడు. పీటని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏడు నెలలుగా ఎదురెదురుగా కూర్చున్నా వాళ్లిద్దరి మధ్య మాట లేదు. మొదటి మాటకి వరస కావాలి. అది మొన్ననే కట్టి పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు, "కొద్దిగా జరుగన్నా."

పీటని బెత్తెడు పక్కకి జరిపి, ఆ జాగాలో కూర్చున్నాడు.